తోడి గాంధారాన్ని మాటల్లో ఎలా చెప్పాలి?

కర్ణాటక సంగీతంపై పరిశోధన చేస్తూ, అదే విషయాన్ని ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి కూడా రాయాలని ప్రయత్నిస్తున్నాను. 8వ మేళకర్త (మూల రాగం) అయిన హనుమతోడిలో, అంటే తోడి రాగంలో, సాధారణ గాంధారం (‘గ’ స్వరంలో ఒక రకం) స్థిరంగా నిలవక, రిషభ మధ్యమాల (‘రి’, ‘మ’ స్వరాల) నడుమ ఊగుతూ పలుకుతుందని, అందువల్ల స్వరలిపిలోని ‘గ’ అనే ఒక్క అక్షరం గొంతులోని ఆ కదలికను పట్టివ్వలేదని వివరించాను. సంపాదకులు ఇది పాఠంలా ఉందన్నారు. ‘ఉయ్యాల ఊపు’ అని మార్చి రాస్తే, వర్ణనే తప్ప విశ్లేషణ లేదని మా పర్యవేక్షకులు ఎర్రసిరాతో గీత పెట్టారు. (ఇద్దరి మాటా నిజమేనని ఒప్పుకోక తప్పదు.) శాస్త్రం చెడకుండా, స్వరజ్ఞానం లేని పాఠకుడికి సైతం గమకం (స్వరం ఊగుతూ పలికే ఆ కదలిక) వినిపించేలా రాయడం మీరెలా అలవరచుకున్నారు? సాధారణ పాఠకుల వ్యాసంలో స్వరలిపి ఒక్క పంక్తి అయినా ఉంచవచ్చా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.