తార పటం ఉన్న గదిలో పెద్దలను బుద్ధ వందనానికి పిలవొచ్చా?

మాది నల్గొండ. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం మా కాలనీలో అంబేడ్కర్ బాటలో బౌద్ధం తీసుకున్న పెద్దలతో కూర్చుని త్రిశరణం (బుద్ధ, ధమ్మ, సంఘాలను శరణు కోరే మాటలు), పంచశీలాలు (ఐదు నియమాలు) చెప్పుకుంటున్నాను. నాగార్జునసాగర్‌లో బుద్ధవనం చూసొచ్చాక టిబెటన్ బౌద్ధం గురించి కూడా చదవడం మొదలుపెట్టాను. ఇంట్లో బుద్ధుడి పక్కన టిబెటన్ బౌద్ధులు కొలిచే స్త్రీ రూపం, ఆకుపచ్చ తార పటం పెట్టుకున్నాను.

పోయిన నెల ఒక పెద్దాయన వచ్చి ఆ పటం ముందు ఆగిపోయారు. "మళ్లీ దేవతలేనా బిడ్డా?" అన్నారు. చాయ్ కూడా ముట్టలేదు. ఆయన బాధ నాకు తెలుసు. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో హిందూ దేవీదేవతలను పూజించనన్న మాట ఉంది, దాని వెనక తరాల అవమానం ఉంది. తారను టిబెటన్లు కరుణకు రూపంగా కొలుస్తారని చెప్పబోయాను, అది వాదనలాగే వినిపించింది. క్షమించమన్నాను. "నీ ఇష్టం" అని ఊరుకున్నారు. థేరవాదం అనే మరో బౌద్ధ సంప్రదాయానికి చెందిన ఒక భంతేను (భిక్షువును) అడిగితే, తమ సంప్రదాయంలో తార పూజ లేదని మాత్రం చెప్పారు.

వచ్చే పౌర్ణమి వందనం మా ఇంట్లోనే, సాయంత్రం 6 గంటలకు. పదిహేను మంది వస్తారు, ఆ పెద్దాయన కూడా. అంబేడ్కర్ బాట బౌద్ధులతో, టిబెటన్ బౌద్ధులతో ఇద్దరితోనూ కలిసి నడిచినవారు చెప్పండి: ఆ ఒక్కరోజుకు పటం లోపలి గదిలో పెట్టడం మర్యాదా, లేక ఉన్నచోటే ఉంచి ముందుగా ఆయన ఇంటికెళ్లి అడగడం మర్యాదా?