జోషీమఠ్ రాడార్ నివేదికను వెబ్‌సైట్ నుంచి తీసేయడం సరైన పనేనా?

మంజీర_తీరం
2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసాల రాడార్ ఉపగ్రహం నైసార్ ఎగిరినప్పటి నుంచీ, నేల సెంటీమీటరు కదిలినా ఇక తెలిసిపోతుందని అందరూ రాస్తున్నారు. సంతోషమే. కానీ తెలిసిన సంగతి ఆ నేల మీద బతుకుతున్నవాళ్ల దాకా వస్తుందా? నా అనుమానానికి కారణం జోషీమఠ్.

మరిచిపోయినవాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. 2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోని ఆ ఊళ్లో ఇళ్లు బీటలువారాయి. మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహ రాడార్ లెక్కలతో ఒక ప్రాథమిక నివేదిక వెబ్‌సైట్‌లో పెట్టింది. 2022 ఏప్రిల్, నవంబర్ మధ్య నేల 8.9 సెం.మీ. దాకా కుంగిందనీ, డిసెంబర్ 27 నుంచి జనవరి 8 లోపు 12 రోజుల్లోనే 5.4 సెం.మీ. దిగిందనీ అందులో ఉంది. జనవరి 13న జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, ఈ విషయం మీద మీడియాతో మాట్లాడొద్దని సంస్థలన్నిటికీ లేఖ రాసింది. నివేదిక వెబ్‌సైట్ నుంచి మాయమైంది.

ప్రజల డబ్బుతో చేసిన కొలత అది. ఇల్లు పగిలినవాడికి దాన్ని చూసే హక్కు అందరికంటే ముందు ఉంటుంది. తీసేయడం ముమ్మాటికీ తప్పు.

సర్వే_చెయిన్
ఏకీభవించలేను. సర్వే పనిలోనే జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను, నేల మీద సరిచూడని కొలత ఇంకా కొలత కాదు. ఆ నివేదిక తనను తాను ప్రాథమికం అనే చెప్పుకుంది. వేగంగా కుంగుతున్న భాగం ఊరి మధ్యలో, ఆర్మీ హెలిప్యాడ్, నరసింహస్వామి గుడి ఉన్న మేరకేనని గీత గీసి మరీ చూపించింది. టీవీల్లో వచ్చింది మాత్రం ఊరు ఊరంతా దిగబడిపోతోందని. గడ్డకట్టే చలిలో పిల్లలతో శిబిరాల్లో ఉన్నవాళ్లకు ఆ స్క్రోలింగులు ఏం మేలు చేశాయి? రోజుకో సంస్థ ఒక్కో అంకె చెబుతుంటే జనం అయోమయంలో పడతారని ఆ లేఖలో రాసిన కారణం అబద్ధమేమీ కాదు.

ఫేజ్_కోణం
ఇన్‌సార్, అంటే రెండు రాడార్ చిత్రాలను పోల్చి నేల కదలికను కొలవడం, నా రోజువారీ పని కాబట్టి ఆ 5.4 సెం.మీ. ఎలా వస్తుందో చెబుతాను. అది తెలిస్తే వాదన కొంచెం సూటిగా సాగుతుంది.

ఉపగ్రహం కిందికి నిటారుగా చూడదు, పక్కకు వాలి మైక్రోవేవ్ తరంగాలు పంపుతుంది. తిరిగొచ్చిన తరంగం ఎంత బలంగా ఉందో నమోదు చేస్తుంది, ఏ ఫేజ్‌లో ఉందో, అంటే అల తన చుట్టులో ఏ చోట ఉందో, అది కూడా నమోదు చేస్తుంది. మళ్లీ అదే దారిలో వచ్చినప్పుడు తీసిన చిత్రంలోని ఫేజ్ నుంచి మొదటిదాన్ని తీసేస్తే, మధ్యలో నేల ఉపగ్రహానికి ఎంత దగ్గరైందో, ఎంత దూరమైందో తెలుస్తుంది. యూరప్ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 తరంగం పొడవు సుమారు 5.6 సెం.మీ. పోయి రావాలి కాబట్టి నేల 2.8 సెం.మీ. కదిలితే చిత్రంలో రంగుల వలయం ఒక చుట్టు పూర్తవుతుంది. అంటే గీతలుండి అంకెలు లేని టేపు లాంటిది. ఎన్ని గీతలు దాటిందో మనమే లెక్కపెట్టుకోవాలి. 5.4 అంటే రెండు చుట్లకు కాస్త తక్కువ.

ఇబ్బందులు మూడు. మొదటిది గాలిలోని తేమ. రెండు రోజుల మధ్య తేమ మారితే తరంగం ఆలస్యమై, నేల కదలకపోయినా సెంటీమీటర్ల తేడా చూపిస్తుంది. నెలల తరబడి తీసిన చిత్రాలుంటే ఈ తప్పు సగటులో కొట్టుకుపోతుంది. 12 రోజులంటే సెంటినెల్-1ఎ మళ్లీ అదే దారిలోకి వచ్చే గడువు, ఒక దిశ నుంచి దొరికేవి రెండే చిత్రాలు. రెండోది వాలు. జోషీమఠ్ కొండవాలు మీద ఉంది. నేల నిటారుగా కుంగిందా, వాలు వెంట కిందికి జారిందా అన్నది ఒక్క వైపు నుంచి చూసి తేల్చలేం. ఇంజినీర్లకు ఈ తేడా చాలా ముఖ్యం. మూడోది, ఈ ఉపగ్రహాలు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతాయి కాబట్టి నేల ఆ దిశలో కదిలితే దాదాపు కనబడదు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఆ కదలిక నిజమేనని నా నమ్మకం. తేమ వల్ల వచ్చే తప్పు సాధారణంగా కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది, ఊరి నడిబొడ్డున ఒక చిన్న భాగానికే అంటిపెట్టుకుని ఉండదు. పైగా ఆ పన్నెండు రోజుల్లోనే, జనవరి మొదట్లో, నేల మీద పగుళ్లు ఒక్కసారిగా పెరిగాయి. కాబట్టి నివేదిక పెట్టడం తప్పు కాదు. ఆ అంకె పక్కన అటూ ఇటూ ఎంత తేడా ఉండొచ్చో పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

సర్వే_చెయిన్
ఫేజ్_కోణం గారూ, మీరు చెప్పినదంతా నా వైపే ఉందండీ. కుంగిందో జారిందో తేలనిదాన్ని ‘కుంగింది’ అని జనంలోకి వదలడం దేనికి? ఆ తర్వాత రూర్కీ సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు ఇల్లిల్లూ తిరిగి పగుళ్లు చూశారు, మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు నేల లోపలి పొరలను పరీక్షించారు. అవన్నీ అయ్యాక ఒక్క మాటగా చెబితే ఏం పోయేది?

మంజీర_తీరం
చెప్పారా మరి? అదే కదా నా బాధ. సంస్థల నివేదికలు చేతికొచ్చాక కూడా నెలలపాటు బయటపెట్టలేదు. రహస్యంగా ఉంచడానికి కారణమేదీ కనబడటం లేదని 2023 సెప్టెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు అన్నాకే అవి బయటికొచ్చాయి. ‘సరిచూశాక చెబుతాం’ అన్న మాటకు గడువు లేకపోతే అది ‘చెప్పం’ అన్నట్టే.

ఇంకోటి. ఆ ఊరు పాత కొండచరియ శిథిలాల మీద ఉందని 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ చెప్పింది, బరువైన కట్టడాలు వద్దంది. డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ) వాళ్లు 2020 జులై నుంచి 2022 మార్చి దాకా ఉన్న ఉపగ్రహ చిత్రాలతో, ఆ ప్రాంతం ఏడాదికి సుమారు 6.5 సెం.మీ. చొప్పున దిగుతోందని లెక్కగట్టారు. అది జనానికి తెలిసిందెప్పుడు? ఇళ్లు పగిలాక, 2023 జనవరిలో. భయం పుడుతుందని ఆగితే జరిగేది ఇదే.

ఖని_గడప
మాది గోదావరిఖని దిక్కు. కింద బొగ్గు తీసినంక పైన నేల దిగుతది, ఇది మాకు కొత్త ముచ్చట కాదు. మ్యాపులు బయట పెట్టాలనే నేనూ అంట. కాకపోతే మీరెవ్వరూ అనని భయం ఒకటి నాకుంది. రేపు గోడ పగిలి నష్టపరిహారం అడగబోతే, ‘రాడార్ల నీ ఇల్లు కదిలినట్టు లేదు, పో’ అంటే ఎట్ల? మా దగ్గర చెట్లు, చేన్లు ఎక్కువ. వానకాలం పంట ఎదిగితే రాడార్ లెక్క తప్పుతదని చదివిన, నిజమేనా?

ఫేజ్_కోణం
నిజమే, చాలా మంచి ప్రశ్న. రెండు చిత్రాల మధ్య ఆకులూ పైరూ మారిపోతే తిరిగొచ్చే తరంగాల ఫేజ్‌కు పొంతన కుదరదు, అక్కడ కొలతే ఉండదు. ఊళ్లో కాంక్రీటు మీద బాగా పనిచేసే సెంటినెల్ చేల మీద తడబడుతుంది. నైసార్‌లోని ఎల్-బ్యాండ్ తరంగం 24 సెం.మీ. పొడవు, ఆకుల గుండా చాలావరకు నేల దాకా పోతుంది. మీ వైపు తేడా తెలిసేది దానితోనే. అయినా ఖాళీలు మిగులుతాయి. ‘కదల్లేదు’ అన్న చోటు, ‘చూడలేకపోయాం’ అన్న చోటు మ్యాపులో వేర్వేరు రంగుల్లో ఉండాలి. ఇది నియమంగా రాయకపోతే మీరన్న అన్యాయం జరిగి తీరుతుంది.

నార్వే 2018లోనే దేశమంతటి నేల కదలికల మ్యాపు జనం ముందు పెట్టింది. 2022లో యూరప్ అంతటికీ అలాంటిదే వచ్చింది. ఎవరైనా తమ వీధిని వెతుక్కుని, ఏళ్ల తరబడి ఏ చుక్క ఎంత దిగిందో గ్రాఫులో చూసుకోవచ్చు. సర్వే_చెయిన్ గారూ, ఇంకో సంగతి కూడా ఆలోచించండి. సెంటినెల్ డేటా ఏళ్లుగా అందరికీ ఉచితం, నైసార్‌ది కూడా అంతే. ఆఫీసు పేజీ తీసేసినా, ఏ కాలేజీ కుర్రాడో ఇంట్లో కూర్చుని తేమ సవరణ లేకుండా మ్యాపు చేసి వాట్సాప్‌లో పెడతాడు. దానికి ఎదురుగా పెట్టడానికి సరైన మ్యాపు ఉండొద్దా?

సర్వే_చెయిన్
ఆ చివరి మాట కాదనలేను. సరే, బయటపెట్టండి. కానీ రెండు షరతులు. ముందు కలెక్టరుకూ ఆ వార్డు జనానికీ చెప్పాలి, ఆ తర్వాతే వెబ్‌సైట్. అంకెతోపాటు, సరిచూడటానికి నేల మీద ఎవరు ఎప్పుడు దిగుతారో తేదీ వేయాలి.

మంజీర_తీరం
రెండోదానికి ఒప్పుకుంటాను. మొదటిదానిలో ‘ముందు’ అంటే ఎన్ని రోజులో మీరే చెప్పండి. కలెక్టరు బల్ల మీద నెలలు గడిచే ‘ముందు’ అయితే మళ్లీ మొదటికే వస్తాం.

సర్వే_చెయిన్
మూడు రోజులు. అంతకు మించి నేనూ ఒప్పుకోను.

ఖని_గడప
వార్డుల చెప్పేటాయన ఆ రంగుల మ్యాపు తెలుగుల విడమర్చి చెప్పేటోడై ఉండాలె. ఇది మూడో షరతు కింద రాసుకోండ్రి.