వాష్ బేసిన్ ఊగుతోంది: ఖర్చు ఇంటి యజమానిదా, అద్దెకున్నవారిదా?

రాయగడ అద్దెదారు:
ఒడిశాలోని రాయగడలో ఒక అపార్టుమెంటు రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. స్నానాల గదిలో వాష్ బేసిన్ గోడను వదిలి ముందుకు వాలింది. అంచు పట్టుకుంటే ఊగుతోంది. వెనక వేసిన వైట్ సిమెంటు పెచ్చులుగా రాలిపోయి, సందులోంచి తుప్పు పట్టిన బోల్టు కనిపిస్తోంది. యజమాని పార్వతీపురంలో ఉంటారు. ఫోను చేస్తే, "వాడుకునేది మీరు, చేయించుకోవలసిందీ మీరే. 2021 చట్టంలోనూ అలాగే ఉంది" అన్నారు. డబ్బు గురించి కాదు నా పట్టుదల. మేము చేరేనాటికే ఆ సిమెంటు ఒకటిమీద ఒకటి రెండు పూతలుగా ఉంది. అంటే బేసిన్ అంతకుముందే కదిలిందన్నమాట. మా అమ్మాయి ఆ అంచు పట్టుకునే మునివేళ్ల మీద లేచి పళ్లు తోముకుంటుంది. మీరేమంటారు?

గునుపురం ఇంటి యజమాని:
మీ యజమాని చెప్పింది నిజమే. ఆయన అన్న 2021 నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలులో, అంటే చివర జతచేసిన పట్టికలో, పనులు విడదీసి రాశారు. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, సున్నాలు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు యజమాని వంతు. కుళాయి వాషర్లు, వాష్ బేసిన్, గీజరు, స్విచ్చుల మరమ్మతులు అద్దెదారు వంతు. అందులో న్యాయం ఉంది. బేసిన్ మీద నిండు బకెట్టు పెట్టేవారిని, పిల్లల్ని కూర్చోబెట్టి కాళ్లు కడిగేవారిని నేను చూశాను. పక్క ఊళ్లో ఉండే యజమాని వాటన్నిటికీ ఎలా బాధ్యుడవుతాడు?

బరంపురం న్యాయవాది:
గునుపురం వారూ, షెడ్యూలు మీరు సరిగ్గానే చెప్పారు. కానీ కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించింది నమూనాను మాత్రమే. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే దానికి బలం. అందుకే ముందు ఒప్పంద పత్రం తీసి చదవండి. పత్రంలో లేని విషయానికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ చూడాలి. ఇల్లు పుచ్చుకున్న స్థితిలోనే అద్దెదారు తిరిగి అప్పగించాలి, అయితే మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. యజమాని చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన తరువాత కూడా తగిన వ్యవధిలో చేయకపోతే, అద్దెదారు చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అది "యజమాని చేయవలసిన" మరమ్మతు అని ముందు తేలాలి. ఆ మాట మరిచిపోయి అద్దె కోసుకుంటే చిక్కుల్లో పడతారు.

పర్లాకిమిడి గృహిణి:
మా ఒప్పందం ఒడియాలో ఉంది. మాకు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు. సంతకానికి ముందు పక్కింటి అక్కయ్యతో మొత్తం చదివించుకున్నాం. "చిన్న మరమ్మతులు" అని ఉంటే అవేమిటో అక్కడే రాయించుకోవాలి. ఇక రాయగడ తమ్ముడూ, వాదన సంగతి తరువాత, ముందు పాపను ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లనివ్వకండి.

జయపురం ప్లంబరు:
లోపం ఎక్కడుందో చూడకుండా ఖర్చు ఎవరిదో తేల్చడం నాకు నచ్చలేదు. గోడకు వేలాడే బేసిన్ బరువు మోసేవి దాని వెనక ఉన్న బోల్టులు. వైట్ సిమెంటు సందులోకి నీరు పోకుండా ఆపుతుంది, అంతే. అది బరువు మోయదు.

కింద నుంచి చెయ్యి పెట్టి నట్టును పానాతో తిప్పి చూడండి. నట్టు ఒక్కటే తిరిగి బిగిస్తే అది కాసేపటి పని, అద్దెదారే చేయించుకోవాలి. నట్టుతోపాటు బోల్టు కూడా గిర్రున తిరిగితే గోడలో పట్టు పోయినట్టే. పలచని అడ్డుగోడలో పొట్టి ప్లగ్గు (బోల్టును పట్టి ఉంచడానికి కన్నంలో దించే తొడుగు) వేసినా, కన్నం ఇటుకలో కాక ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడినా ఇలాగే అవుతుంది. ఎన్ని పూతలు వేసినా మళ్లీ ఊగుతుంది. బిగించినవాడి లోపానికి అద్దెదారు డబ్బు కట్టడం అన్యాయం. షెడ్యూలులో బేసిన్ అని రాశారు గానీ, ఇక్కడ పాడైంది గోడ.

పని ఇలా జరగాలి. యాంగిల్ కాక్ (బేసిన్ కింద గోడకుండే చిన్న కుళాయి) కట్టేసి, నీటి పైపు, వేస్టు పైపు విప్పి, ఇద్దరు పట్టుకుని బేసిన్ దించాలి. పాత కన్నంలో చెక్క ముక్క దిగ్గొట్టవద్దు, తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. కన్నంలో దుమ్ము పూర్తిగా ఊదేసి, రెసిన్ (గట్టిపడే జిగురు) నింపి పొడవైన బోల్టు నాటి, డబ్బా మీద రాసినంత సేపు ఆగాలి. టైలు దాటేవరకు డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపేయాలి. నట్టు కింద ప్లాస్టిక్ వాషరు తప్పనిసరి. బలమంతా పెట్టి బిగిస్తే పింగాణీ పగులుతుంది, ఆ ముక్కలు కత్తిలా కోస్తాయి. పని అయ్యేదాకా బేసిన్ వాడకండి, కింద గట్టి స్టూలు ఆనించండి.

గునుపురం ఇంటి యజమాని:
బోల్టు గోడలో తిరుగుతుంటే మాత్రం నేనైనా ఖర్చు భరిస్తాను. కానీ అది ముందునుంచీ అలాగే ఉందని ఎలా నమ్మడం? ఇంట్లో చేరిన రోజు ఫోటోలు తీసి పంపరు, తరువాత పాత పూత అంటారు.

రాయగడ అద్దెదారు:
ఇవాళ నట్టు తిప్పి చూశాం. రెండువైపులా బోల్టులు తిరుగుతున్నాయి, గోడలోంచి ఇటుక పొడి రాలింది. వీడియో తీసి యజమానికి పంపాను. చేరినప్పుడు ఇల్లు చూపించడానికి మా అన్నయ్యకు పంపిన ఫోటోలో సిమెంటు పూత తేదీతో సహా కనిపిస్తోంది, అదీ జతచేశాను. "అయ్యా, మా వాడకం వల్ల పాడైన వేస్టు పైపు వాషరు నేను మారుస్తాను. గోడ పని మీరు చేయించండి, ప్లంబరును మీరే ఎంచుకోండి" అని రాశాను. ఆదివారం వచ్చి చూస్తానన్నారు.