ల్యాబ్ సరఫరా కంపెనీల్లో "మళ్లీ మళ్లీ వచ్చే ఆదాయం" నమ్మదగినదేనా?

వడపోత:
ఏ మందు గెలిచినా ఓడినా, మందుల తయారీలో వాడే ఫిల్టర్లు, రెజిన్లు (మందును శుద్ధి చేసే పూసలు), బ్యాగులు అమ్మేవాడికి డబ్బు వస్తూనే ఉంటుంది. ఇలాంటి సరుకు అమ్మే అమెరికా కంపెనీ డానహర్ ఆదాయంలో దాదాపు 80 శాతం అలాంటిదే. పెట్టుబడికి ఇంతకంటే గట్టి చోటు నాకు కనబడదు.

లెక్కలపద్దు:
మరి 2023లో బయోప్రాసెస్ (జీవకణాలతో మందులు తయారుచేసే సామగ్రి) అమ్మకాలు ఎందుకు పడిపోయాయి? కోవిడ్ కాలంలో సరుకు కోసం నెలల తరబడి ఆగాల్సి రావడంతో కొనేవాళ్లు ముందే ఆర్డర్లు పెట్టి గోదాములు నింపుకున్నారు. తర్వాత ఆ నిల్వలే వాడుకున్నారు. ఆదాయం ఎప్పుడొస్తుందన్నది కొనేవాడి చేతిలో ఉంది.

వడపోత:
వాయిదా పడింది, పోలేదు. యాంటీబాడీ మందులను శుద్ధి చేసే ప్రొటీన్-ఎ రెజిన్ చూడండి. యాంటీబాడీ మందు ఆమోదం ఫైల్లోనే అది ఉంటుంది. మార్చాలంటే కొత్తదానితో బ్యాచ్‌లు తీసి మందు తేడా లేదని చూపాలి, వైరస్ తొలగింపు పరీక్ష మళ్లీ చేయాలి, రెజిన్ నుంచి ఊడి మందులో కలిసే ప్రొటీన్-ఎ ఎంతో కొలవాలి, స్థిరత్వ డేటా కూడబెట్టాలి. ఆపైన నియంత్రణ సంస్థ అనుమతి. ధర కాస్త తగ్గుతుందని ఇంత తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు?

చిన్నమాట:
ఆ రెజిన్‌ని కడిగి వంద సార్ల దాకా వాడొచ్చు. బ్యాగు ఒక్క బ్యాచ్‌కే. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

వడపోత:
ట్రయల్ దశలో ఆ వంద సార్లు పూర్తికాకముందే చాలా మందులు ఆగిపోతాయి. ఆ రెజిన్ వేరే మందుకు వాడరు, పారేస్తారు.

లెక్కలపద్దు:
రెజిన్ వదిలేయండి సార్, నేనడిగింది నిల్వల గురించి. బుక్-టు-బిల్, అంటే త్రైమాసికంలో వచ్చిన ఆర్డర్లను అమ్మకాలతో భాగిస్తే వచ్చే అంకె, 1 దాటగానే అందరూ సంబరపడతారు. రద్దయిన ఆర్డర్లు అందులోంచి తీసేశారా? కొనేవాడి గోదాములో ఉన్న సరుకు అమ్మేవాడి బ్యాలెన్స్ షీట్లో కనబడదు. మందుల కంపెనీల వార్షిక లెక్కల్లో ముడిసరుకు నిల్వల నోట్ తెరిచి చూడాలి.

ల్యాబ్‌నేస్తం:
సీక్వెన్సర్లు (డీఎన్‌ఏ చదివే యంత్రాలు), మాస్ స్పెక్ట్రోమీటర్ల (అణువుల బరువు కొలిచే యంత్రాలు) లెక్క వేరు. వాటికి పరిశోధన గ్రాంట్లు, బయోటెక్‌లకు దొరికే నిధులు ముఖ్యం. విభాగాల వారీగా చదవండి.

వడపోత:
లెక్కలపద్దు గారూ, మీకు ఒక్క 2023 తప్ప ఇంకేమీ కనబడదా? చెప్పిందే ఎన్నిసార్లు చెప్తారు?

లెక్కలపద్దు:
సరే, సూటిగా చెప్తాను. నాకు రెజిన్ మీద అనుమానం లేదు, కొనుగోళ్ల మీద ఉంది. జీఈ కంపెనీ బయోప్రాసెస్ వ్యాపారమైన జీఈ బయోఫార్మాను డానహర్ 2020లో 21.4 బిలియన్ డాలర్లకు కొని సైటివా అని పేరు పెట్టింది. మందుల ట్రయల్స్ నడిపే పీపీడీని కొనడానికి మరో ల్యాబ్ సరఫరా కంపెనీ థర్మో ఫిషర్ 2021లో 17.4 బిలియన్లు పెట్టింది. కస్టమర్ వదిలిపోలేడని మీరంటున్నారే, దాని వెల అప్పుడే అమ్మినవాళ్లకు ముట్టింది. ఇప్పుడు "సర్దుబాటు" లాభంలో ఆ కొనుగోలు తరుగును (కొన్న కస్టమర్ సంబంధాలు, పేటెంట్ల లాంటి ఆస్తుల వెలను ఏటా కొంచెం ఖర్చుగా రాయడం) పక్కన పెట్టేస్తున్నారు. ఎదుగుదలనే డబ్బిచ్చి కొన్నప్పుడు అది ఖర్చు కాదా?

వడపోత:
తరుగుతో నగదు బయటికి పోదు కదండీ.

లెక్కలపద్దు:
కొన్నరోజే పోయింది! గుడ్‌విల్ (కొన్న కంపెనీ ఆస్తుల విలువకు మించి ఇచ్చిన సొమ్ము) కలిపి మొత్తం పెట్టుబడి మీద, పన్ను పోను నిర్వహణ లాభం ఎంత శాతమో కట్టండి. సీక్వెన్సర్లు అమ్మే ఇల్యుమినా, గ్రెయిల్‌ని 2021లో కొని 2024లో విడగొట్టింది. సీక్వెన్సర్‌కి అతుక్కుపోయిన కస్టమర్లు దాన్ని ఆపలేకపోయారు.

వడపోత:
గ్రెయిల్‌ది క్యాన్సర్ పరీక్ష, సైటివాతో పోలిక కుదరదు. గుడ్‌విల్ కలపాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. డానహర్‌కి ఐదేళ్ల లెక్క కట్టి ఇక్కడే పెడతాను.

చిన్నమాట:
సగటు పెట్టుబడి తీసుకోండి. ఏడాది చివర్లో కొంటే లాభం కొన్ని వారాలదే చేరుతుంది, పెట్టుబడి మాత్రం మొత్తం పడుతుంది.