సైకలాజికల్ థ్రిల్లర్‌లో హీరో లొంగిపోవడం అతికించినట్టు ఉంటోంది, ఎలా సరిచేయాలి?

ప్రశ్న:
స్క్రిప్టు 110 పేజీలు. హీరో ఒకరిని కారుతో గుద్ది ఆపకుండా వెళ్లిపోయాడు, ఆ సంగతే మనసులోంచి చెరిపేసుకున్నాడు. 98వ పేజీలో ఆ నిజం బయటపడుతుంది, 102లో పోలీసులకు లొంగిపోతాడు. ట్విస్టు బాగుందనీ, లొంగుబాటు నమ్మబుద్ధి కావట్లేదనీ చదివినవాళ్ల మాట. చివర సీన్లు పెంచాలా?

జవాబు 1:
పెంచినా లాభం ఉండదండీ. 98 దాకా అతను ఎవరో తన మీద కుట్ర పన్నారని వెతుకుతూ తిరిగితే అది మిస్టరీ, ఆ తర్వాతది పశ్చాత్తాపం. రెండూ వేరే కథలు, అతుకు కనబడేది అక్కడే. జ్ఞాపకం పోయినా అపరాధభావం పోకూడదు. ఎందుకో తెలియకుండానే తనను తాను శిక్షించుకుంటూ ఉండాలి.

'ద మెషినిస్ట్' (2004) సినిమా మళ్లీ చూడండి. అందులో హీరో ట్రెవర్‌కు ఏడాదిగా నిద్ర లేదు, ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ పాత్ర కోసం క్రిస్టియన్ బేల్ సుమారు 28 కిలోలు తగ్గాడు. శిక్ష మొదటి నుంచీ మన కళ్లముందే ఉంది, నేరమేంటన్నదే చివర్లో తెలుస్తుంది. మీ హీరోకు నిద్రలేమే పెట్టనక్కర్లేదు. కారెక్కకుండా ఎంత దూరమైనా నడిచిపోవడం చాలు, కాకపోతే ఎందుకని ఎవరైనా అడిగితే అతను చెప్పే కారణం అబద్ధంలా వినబడకూడదు.

జవాబు 2:
క్లూల సంగతి కూడా చూసుకోండి. అదే సినిమాలో ఫ్రిజ్ మీద చీటీ ఉంటుంది: ఆరు ఇంగ్లీషు అక్షరాల మాట, చివరి రెండే రాసి ఉంటాయి. ట్రెవర్ దాంట్లో తను అనుమానించే మనిషి పేరు ఇమిడ్చి చూస్తాడు. అసలు జవాబు 'కిల్లర్', అంటే తనే. మొదటిసారి చూస్తే బెదిరింపు, రెండోసారి చూస్తే ఒప్పుకోలు.

కాగితం మీద రెండు గళ్లు గీయండి. ప్రతి క్లూకూ ఒక గడిలో అప్పుడు హీరో ఏమనుకున్నాడో, రెండో గడిలో నిజమేంటో రాయండి. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ క్లూ ప్రేక్షకుణ్ని తప్పుదారి పట్టించడానికే పుట్టింది, కొట్టేయండి. ఇలాంటివి రెండు మూడు మిగిలినా 'మోసం చేశారు' అన్న మాట వస్తుంది.

జవాబు 3:
పై రెండూ ఒప్పుకుంటాను గానీ 98 బాగా ఆలస్యం. స్క్రిప్టులో పేజీకి తెరమీద నిమిషం లెక్కన నిజం తెలిశాక నాలుగు నిమిషాల్లో లొంగిపోతున్నాడు. ట్విస్టును 86, 88 దగ్గరికి తెండి. తెలిసి కూడా దాచాలని చూసే పది పన్నెండు పేజీలు కావాలి: కారు అమ్మేయబోవడం, ఊరు దాటబోవడం. పారిపోయే దారి నిజంగా తెరిచే ఉండాలి. పోలీసులు గుమ్మంలో ఉండగా ఒప్పుకుంటే అది అరెస్టే అవుతుంది. ట్రెవర్ విమానాశ్రయం వైపు పోగలిగి ఉండి కూడా స్టేషన్‌కు వెళ్తాడు, బరువంతా అందులోనే ఉంది.

ఇక ఒప్పుకునే సీను. 'నేను పాపిని' లాంటి ప్రసంగం వద్దు. తేదీ, టైము, రోడ్డు, కారు రంగు, నంబరు చెప్పించండి. ఇన్నాళ్లూ మెదడు దాచింది తన నోటితోనే వివరంగా రావాలి. చనిపోయినవాళ్ల తల్లి వచ్చి క్షమించే సీను రాసి ఉంటే మాత్రం తీసేయండి. క్షమించడం మానడం ఆవిడ ఇష్టం, హీరోకు ఊరట కావాలని ఆవిడను తీసుకురావడం అన్యాయం.