టీ టారీ నక్షత్రం: ఆర్‌ఆర్‌లో కనిపిస్తున్న ఎక్కువ నిజమా, గెయిన్ (రిసీవర్ సిగ్నల్ పెంపు) తప్పా?

గుంటూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి జీఎంఆర్‌టీ (పుణె దగ్గరి రేడియో టెలిస్కోపు) ఆర్కైవ్ డేటా కాసా (రేడియో డేటా సాఫ్ట్‌వేర్)లో చేస్తున్నామండీ. ఫ్లక్స్ (ప్రకాశం) కొలతకి ప్రామాణిక మూలం 3సి48. బ్యాండ్ 4లో (550–850 మెగాహెర్ట్జ్) ఫీల్డ్ మధ్యనున్న టీ టారీ నక్షత్రం (ఇంకా రూపుదిద్దుకుంటున్న కుర్ర నక్షత్రం) ప్రకాశం గంటలోపే రెట్టింపై మళ్లీ తగ్గింది. ఆర్‌ఆర్ (కుడి వృత్తాకార ధ్రువణం), ఎల్‌ఎల్ (ఎడమది) విడివిడిగా ఇమేజ్ చేస్తే ఆర్‌ఆర్ దాదాపు 20 శాతం ఎక్కువ. ఫ్రీ-ఫ్రీ ఉద్గారం (వేడి అయనీకృత వాయువుది) ఇంత త్వరగా మారదు, దానికి ఇంత వృత్తాకార ధ్రువణమూ ఉండదు. అయస్కాంత జ్వాలల గైరోసింక్రోట్రాన్ (అయస్కాంత క్షేత్రంలో తిరిగే వేగపు ఎలక్ట్రాన్ల ఉద్గారం) అనుకుందామంటే ఒక్కటే అడ్డు: వృత్తాకార ధ్రువణం దాదాపు ఉండకూడని చుట్టుపక్కల గెలాక్సీలూ ఆర్‌ఆర్‌లో 3–4 శాతం ఎక్కువే. బీమ్ స్క్వింట్ (రెండు ధ్రువణాల బీమ్‌లు కాస్త వేరే దిక్కు చూడటం) అయితే ఒక పక్కవి ప్లస్, ఎదురు పక్కవి మైనస్ రావాలి. ఇక్కడ అన్నీ ప్లస్సే.

గెయిన్‌టైప్ 'జీ'తో (ఆర్, ఎల్ గెయిన్లు విడివిడిగా తేల్చేది) సెల్ఫ్‌క్యాల్ (ఫీల్డ్ మోడల్‌తోనే గెయిన్లు సరిచేయడం) చేస్తే ఫీల్డ్ మొత్తం వి (ఆర్‌ఆర్, ఎల్‌ఎల్ తేడా) సున్నాకి దిగుతుంది. నక్షత్రం మసకదే కాబట్టి దాని సిగ్నల్ మిగలాలి. మోడల్‌లోంచి దాన్ని తీసేసి చేయాలా, ఉంచినా నష్టం లేదా? సొల్యూషన్ ఇంటర్వెల్ (ఒక్కో గెయిన్ లెక్కకి తీసుకునే సమయం) ఎంత పెట్టాలి?

బ్యాండ్ 5 డేటా ఉంది గానీ అక్కడి ఫీడ్లు లీనియర్, క్రాస్ హ్యాండ్స్ (రెండు ధ్రువణాల మధ్య గుణకారం) రికార్డు కాలేదు, కాబట్టి వి రాదు. పైగా వేరే రోజుది, ఇలా మారే మూలానికి దాంతో స్పెక్ట్రల్ ఇండెక్స్ (పౌనఃపున్యంతో ప్రకాశం మారే తీరు) తీయడం దండగ.

విజయవాడ వైపు కాసా వాడేవాళ్లుంటే చెప్పండి, డిస్కు పట్టుకుని వస్తాం.