ఫ్యాన్ ఫిక్షన్ డైరెక్టరీలో కొత్త కథ చేర్చడం ఎలా? మూలం, రచయిత పేరు, తెరుచుకోని లింకు

ప్రశ్న (టెక్కలి నుంచి)

నమస్కారమండీ. మన డైరెక్టరీలో (నాటకాలు, సినిమాల పాత్రలతో అభిమానులు రాసిన కథల వివరాలుండే వికీ) కథలు వెతుక్కుని చదవడమే గానీ ఇన్నాళ్లూ నేనేమీ చేర్చలేదు. ఈ మధ్య "బుచ్చమ్మ ఏటన్నాదంటే" అనే కథ చదివాను. కన్యాశుల్కాన్ని బుచ్చమ్మ నోట, అచ్చం మన వైపు యాసలో చెప్పుకొచ్చారు. పదకొండు భాగాలు. ఎంత బాగుందో చెప్పలేను. వెంటనే డైరెక్టరీలో పెడితే ఎవరో తీసేశారు. "వివరాలు చాలవు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

మూలం అన్న గడిలో ఏం రాయాలి? కథ మొదట వచ్చిన సైటు ఇప్పుడు తెరుచుకోవట్లేదు, నా దగ్గర పీడీఎఫ్ ఒకటే ఉంది. దాన్నుంచి కాపీ చేస్తే తెలుగు రావట్లేదు, ఏవో పిచ్చి గుర్తులు పడుతున్నాయి. ఇంకోటి, ఆవిడ కలం పేరుతో రాశారు గానీ అసలు పేరు నాకు తెలుసు. పెట్టొచ్చా? (ఇక్కడ రెండు వాక్యాలు తీసేశాను. ఎందుకో కింద ఉంది.)

జవాబు (విజయనగరం నుంచి, దిద్దుబాట్లు చూసేవారిలో ఒకరు)

తీసేసింది నేను కాదు గానీ చరిత్ర ట్యాబులో మీ కూర్పు చూశాను. కథ పేరు, పనిచేయని లింకు, "తప్పక చదవండి" అన్న మాట, అంతే ఉన్నాయి. తీసేసినవాళ్లు ఇంకో రెండు ముక్కలు రాసి ఉండాల్సింది, కొత్తవాళ్లతో అలా చేస్తే మళ్లీ ఇటు తొంగి చూడరు. ఈసారి నేరుగా పేజీ తెరవకుండా మీ ప్రయోగశాల పేజీలో (చిత్తు రాసుకునే చోటు) రాసుకోండి. కథ వివరాల మూస అక్కడ అతికించి, గడులు నింపి, మునుజూపు (సేవ్ చేయకముందు పేజీ ఎలా ఉంటుందో) చూసుకుని అప్పుడు అసలు పేజీలోకి మార్చండి.

మూలం గడి దగ్గరే చాలామంది తొందరపడతారు. కన్యాశుల్కం అని రాస్తే సగమే చెప్పినట్టు. 1892లో మొదటిసారి ఆడి, 1897లో అచ్చువేసిన నాటకం ఒకటి. 1909లో గురజాడవారు తిరగరాసి బాగా పెంచిన నాటకం ఇంకొకటి. మనం చదివేదీ, స్టేజీ మీద చూసేదీ దాదాపు ఎప్పుడూ రెండోదే. ఇవి కాక 1955లో వచ్చిన సినిమా ఉంది. కొన్ని కథల్లో మధురవాణి అంటే నాటకంలో మధురవాణి కాదు, అచ్చంగా సినిమాలో సావిత్రిగారే. గిరీశం నవ్వు దగ్గర్నుంచీ రామారావుగారిది. అలాంటివాటిని నాటకం కింద వేస్తే చదివేవాళ్లు తికమకపడతారు.

రచయిత ముందుమాటలో దేన్ని తీసుకున్నదీ చెప్పి ఉంటే అదే రాయండి. చెప్పకపోతే ఊరికే "నాటకం" అని రాసి ఊరుకోండి, సంవత్సరం ఊహించి వేయకండి. గురజాడ 1915లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయి కాబట్టి నాటకం మాటలు కథలో ఎన్ని ఎత్తిరాసినా పేచీ లేదు. నిన్నమొన్నటి సినిమాల మీద రాసినవాటికి ఆ వెసులుబాటు ఉండదు.

పీడీఎఫ్ సంగతి: అది యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినది అయ్యుంటుంది. దాన్ని కాపీ చేస్తే యూనికోడ్ రాదు. పేరు, సారాంశం చేత్తో టైపు చేసుకోవడమే మేలు. టైపు చేసేటప్పుడు "ఏటన్నాదంటే"ని "ఏమన్నదంటే" అని సవరించకండి మహాప్రభో. కథ పేరు రచయిత పెట్టిందే ఉండాలి. పుస్తక భాషలో వెతికేవాళ్ల కోసం "బుచ్చమ్మ ఏమన్నదంటే" అని వేరే పేజీ తెరిచి #దారిమార్పు (అసలు పేజీకి తీసుకెళ్లే సూచన) పెట్టండి, సరిపోతుంది.

చేర్చే ముందు కథ ఇప్పటికే ఉందేమో వెతకండి. మొత్తం పేరుతో వెతికి లేదనుకోకండి, ఒక్క "బుచ్చమ్మ" అని కూడా వెతకండి. కొందరి కీబోర్డు పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి వేస్తుంది. చూడ్డానికి రెండు పేర్లూ ఒకటే, వికీ మాత్రం వాటిని రెండు పేజీలుగా లెక్కేస్తుంది.

జవాబు (రాజాం నుంచి)

వర్గాల దగ్గర కాస్త చూసుకోండి మాస్టారూ. "విజయనగరం" అని కొడితే ముందు వచ్చేది హంపీ విజయనగరం వర్గం. కృష్ణదేవరాయల కథల మధ్యన గిరీశం తేలుతున్నాడు, నిన్న కూడా ఒకటి మార్చాను. "విజయనగరం జిల్లా" అన్నది ఎంచుకోండి. మా ఊరు కూడా అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసేదాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. కథ ఏ కాలంలో జరుగుతోందో చూసి వర్గం వేయండి.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

అసలు పేరు పెట్టకండమ్మా. ఆవిడ స్వయంగా ఎక్కడైనా బయటపెట్టుకుంటే తప్ప, మనకు తెలుసు కదా అని రాసేది కాదు. ఫ్యాన్‌లోర్ వికీలో (అభిమానుల రచనల సంగతులు నమోదు చేసే సైటు) దీనికి ప్రత్యేకంగా విధానమే ఉంది. అభిమానుల కలం పేరును అసలు పేరుతో వాళ్ల అనుమతి లేకుండా ముడిపెట్టకూడదు. మనమూ అదే పాటిస్తున్నాం. వికీలో ఒకసారి సేవ్ చేశాక మీరు తీసేసినా పాత కూర్పు చరిత్రలో అలాగే పడి ఉంటుంది. నిర్వాహకులు దాచితే తప్ప ఎవరైనా చూడొచ్చు.

పేరు రాయకపోయినా మీ పోస్టులో ఆవిడ ఊరు, పనిచేసే చోటు, చెప్పే సబ్జెక్టు రాసేశారు. మన ఊళ్లల్లో అది చాలు, సాయంత్రానికి ఇంటి నంబరుతో సహా తెలిసిపోతుంది. ముందు ఆ రెండు వాక్యాలూ తీసెయ్యండి.

అభిమానుల కథలు దాచే సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో కథని వదిలేసే సౌకర్యం ఉంది. రచయిత తన ఖాతా నుంచి కథని విడదీసేస్తే కథ అక్కడే ఉంటుంది, పేరు దగ్గర మాత్రం అనాథ ఖాతా అని కనిపిస్తుంది. అలా వదిలేసిన కథకి మనం పాత పేరు వెతికి తెచ్చి తగిలించకూడదు. ఆవిడ పేరు వద్దనుకునే వదులుకుంది.

ప్రశ్న అడిగినవారు

తీసేశానండీ. నిజంగా అంత ఆలోచించలేదు, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. మరి లింకు? పాత వెబ్ పేజీలు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే పాత పేజీ దొరికింది. పెట్టెయ్యనా?

జవాబు (విజయనగరం నుంచి)

సైటే మూతపడి ఉంటే పెట్టండి. ఆవిడే కథ తీసేసుకుని ఉంటే పెట్టకండి. తేడా తెలుసుకోవడం తేలికే: అదే సైటులో వేరేవాళ్ల కథలు తెరుచుకుంటున్నాయేమో చూడండి. అన్నీ పోతే సైటు పోయినట్టు. ఇదొక్కటే పోతే ఆవిడ తీసేసినట్టే అనుకోవాలి. పీడీఎఫ్ మాత్రం ఎక్కడా ఎక్కించకండి. మనది డైరెక్టరీ, కథలు దాచే చోటు కాదు.

జవాబు (రాజాం నుంచి)

ఇక్కడ నాకు వేరే అభిప్రాయం ఉంది. రచయిత తీసేసినా లింకు లేకుండా నమోదు ఉంచాలి. యాసలో రాసిన కథలే తక్కువ. ఫలానా కథ ఒకటి ఉండేదన్న గుర్తయినా మిగలాలి కదా.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

నమోదు ఉంచొచ్చు, "ప్రస్తుతం అందుబాటులో లేదు" అని రాసి. ఆవిడ అదీ వద్దంటే తీసెయ్యాలి. దీని మీద చర్చ పేజీలో ఇదివరకే చాలా వాదించుకున్నాం, మళ్లీ ఇక్కడ మొదలెట్టొద్దు బాబూ.

ప్రశ్న అడిగినవారు

సైటు మొత్తం పోయిందండీ, ఏ కథా తెరుచుకోవట్లేదు. ఇదీ నా చిత్తుప్రతి, చూసి చెప్పండి:

పేరు: బుచ్చమ్మ ఏటన్నాదంటే
రచయిత: (కలం పేరు మాత్రమే)
మూలం: కన్యాశుల్కం, నాటకం
భాష: తెలుగు, ఉత్తరాంధ్ర యాస
నిడివి: 11 భాగాలు
స్థితి: ఆగిపోయింది
సారాంశం: అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో జరిగేదంతా వితంతువైన కూతురు బుచ్చమ్మ చెబుతుంది. గిరీశం చదువు చెప్పే నెపంతో ఇంట్లో చేరిన దగ్గర మొదలవుతుంది.
లింకు: భద్రపరిచిన ప్రతి
వర్గాలు: విజయనగరం జిల్లా, యాస కథలు, అద్భుతమైన కథలు

జవాబు (విజయనగరం నుంచి)

సారాంశం చక్కగా ఉంది, ముగింపు చెప్పకుండా ఆపారు. "అద్భుతమైన కథలు" అన్న వర్గం లేదు, తీసెయ్యండి. ఆ మాట కింద అభిప్రాయాల్లో మీ సంతకంతో రాయండి, నాలుగు టిల్డాలు (~~~~) కొడితే పేరు అదే పడుతుంది. స్థితి దగ్గర "ఆగిపోయింది" వద్దు. ఆపేశానని ఆవిడ అనలేదు కదా. "11వ భాగం దాకా వచ్చింది" అని ఆ భాగం తేదీ వేయండి, భద్రపరిచిన ప్రతిలో తేదీ కనిపిస్తుంది. దిద్దుబాటు సారాంశంలో "కొత్త నమోదు, చర్చ తర్వాత" అని రాసి సేవ్ చేసెయ్యండి. ఈసారి ఎవరైనా తీసేస్తే వాళ్లతో నేను మాట్లాడతాను.